మడ అడవిలో జీనోమ్ పరిశోధన: ఏ చెట్టు, ఏ పద్ధతి, ఏ తోడు జీవి?

కాకినాడ, రాజమండ్రి, విశాఖల్లో వృక్షశాస్త్రమో బయోటెక్నాలజీయో చదివే పిల్లలు ప్రాజెక్టు అనగానే ముందు అడిగేది "హోల్ జీనోమ్ చేయించాలంటే ఎంతవుతుంది సార్?" అని. జీనోమ్ అంటే జీవి డీఎన్ఏ మొత్తం, దాన్ని మిషన్ మీద అక్షరం అక్షరం చదివించడమే సీక్వెన్సింగ్. ధర అడగడం తప్పు కాదు గానీ, అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో అవ్వాలి. చెట్టు తానున్న చోటికి తరతరాలుగా ఎలా మలచుకుందో తెలుసుకోవాలంటే మిషన్ కంటే ముందు తేల్చుకోవలసినవి ఉన్నాయి: ఏ చెట్టు, డెల్టాలో ఏయే చోట్ల నుంచి, దేనితో పోల్చి. ఇవి తేలితే పద్ధతి దాదాపుగా దానంతటదే తేలుతుంది. ఇవి తేలకుండా సీక్వెన్సింగ్‌కి డబ్బు కడితే చివరికి హార్డ్ డిస్క్ నిండుతుంది, అంతే.

గోదావరి డెల్టా ఈ పనికి ఎందుకు బాగుంటుందో ముందు చెప్పుకుందాం. ధవళేశ్వరం దాటాక నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి సముద్రానికి పోతుంది. గౌతమి వైపున 1978లో ప్రకటించిన కోరింగ అభయారణ్యం సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. వేసవిలో బ్యారేజీ నుంచి కిందికి వచ్చే నీరు తగ్గిపోతుంది, పోటుతో పాటు ఉప్పునీరు పాయల్లో పైకి ఎక్కుతుంది. జూలైలో ఎర్రనీరు దిగితే ఉప్పు వెనక్కి పోతుంది. పులస ఎదురెక్కే రోజులని ఇక్కడ అందరికీ తెలిసిన కాలమే అది. యానాం దగ్గరి చెట్టుకీ భైరవపాలెం మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) దగ్గరి చెట్టుకీ జాతి ఒకటే, కానీ ఏడాది పొడవునా వేళ్ళు తాగే నీళ్ళు వేరు.

అయితే ఒక చిక్కు. మడ జాతుల మొలకలు నీటి మీద తేలుతూ పోతాయి. మొగ దగ్గరి తల్లి చెట్టు బిడ్డ పోటుకి పైకి కొట్టుకొచ్చి మంచినీటి వైపు నాటుకోవచ్చు. అంటే జన్యువులు నిత్యం కలిసిపోతూ ఉంటాయి. ఇంత కలయికలో కూడా ఉప్పు వైపు చెట్లు, తీపి వైపు చెట్లు చోటికి తగ్గట్టు జన్యుపరంగా వేరుపడ్డాయా (దీన్నే అనుకూలన అంటారు)? లేక ఒకే రకం చెట్టు ఎక్కడ పడితే అక్కడికి తగ్గట్టు తన జీవితకాలంలో సర్దుకుంటోందా? డెల్టాలో అడగదగ్గ అసలు ప్రశ్న ఇదే. కింద చెప్పే ఎంపికలన్నీ దీన్ని దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను.

ముందు చెట్టు

నన్నడిగితే తెల్ల మడ (అవిసీనియా మెరీనా). ఇది వేళ్ళతో చాలా ఉప్పుని ఆపి, లోపలికి వచ్చినదాన్ని ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి తోసేస్తుంది. మధ్యాహ్నం ఆకుని నాలుకకి తాకిస్తే తెలిసిపోతుంది. దీని పూర్తి జీనోమ్‌ని భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, తమిళనాడులోని ఎస్‌ఆర్‌ఎం సంస్థ శాస్త్రవేత్తలు కలిసి 2021లో ప్రచురించారు. సుమారు 46 కోట్ల అక్షరాల జీనోమ్‌లో 45.7 కోట్ల దాకా కూర్చి, 31 క్రోమోజోములుగా అమర్చారు. చేతిలో ఆధారంగా పెట్టుకోవడానికి ఇలాంటిది ఒకటి ఉంటే మీ పని సగం తగ్గినట్టే. పైగా ఈ చెట్టు పాయల ఒడ్డునా ఉంటుంది, లోపలి ఎత్తు బురదలోనూ ఉంటుంది. పోల్చుకోవడానికి కావలసిందే అది.

తెల్ల మడకీ నల్ల మడకీ తేడా పట్టడం మాత్రం నేర్చుకోవాలి. రెంటికీ బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాస వేళ్ళుంటాయి కాబట్టి వాటిని చూసి చెప్పలేరు. తెల్ల మడ ఆకు కొన మొనతేలి, అడుగు బూడిద తెలుపులో ఉంటుంది. నల్ల మడ ఆకు కొన గుండ్రం, పువ్వు పెద్దది. నమూనాల్లో రెండో జాతి నాలుగైదు చెట్లు కలిస్తే, అవే మీ ఫలితాల్లో "గొప్ప అనుకూలన జన్యువులు"గా మెరుస్తాయి.

ఉప్పు పొన్న (రైజోఫొరా) రెండో ఎంపిక. తెల్ల మడలాగా ఆకుల నుంచి ఉప్పు కక్కదు, వేళ్ళ దగ్గరే వడగడుతుంది. ఈ జాతుల్లో ఒకదాని జీనోమ్ 2017లోనే వచ్చింది, తెల్ల మడ జీనోమ్ కంటే చిన్నది. వేర్వేరు మార్గాల్లో ఒకే సమస్యని దాటిన రెండు చెట్లని పక్కపక్కన పెట్టి చదవాలనే ఆశ ఉంటే దీన్ని జత చేసుకోవచ్చు. కానీ ఉప్పు పొన్న జాతులు ఒకదాంతో ఒకటి సంకరం అవుతాయి. తమిళనాడు పిచ్చావరంలో అలాంటి సంకరం నమోదైంది. ఒంటరిగా మొదటి ప్రాజెక్టుకి దీన్ని పట్టుకోమని చెప్పను.

తిల్ల అనే ఇంకో మడ జాతిలో ఆడ చెట్లు, మగ చెట్లు వేరువేరు. పాలు కంట్లో పడితే ప్రమాదం. డీఎన్ఏ తీయడంలోనూ ఆ పాలు ఇబ్బంది పెడతాయి. ఆడ, మగ తేడా మీదే మీకు ఆసక్తి ఉంటే తప్ప వదిలేయండి.

ఇక సరుగుడు. డెల్టా తీరం ఇసుక నేలల్లో రైతులు పెంచేది, పేపర్ మిల్లుకి పోయేది. అడవి చెట్టు కాదు, ఈ తీరపు చెట్టూ కాదు, 19వ శతాబ్దంలో బయటి నుంచి వచ్చింది. ఇప్పుడు చాలా తోటలు క్లోన్ల మొక్కలతోనే వేస్తున్నారు. అందుకని "ఈ నేలకి సరుగుడు జన్యుపరంగా ఎలా మలచుకుంది" అని అడిగితే అర్థం లేదు, ఆ నేలలో ఎదిగి విత్తనం రాల్చి తరాలు మారితే కదా. కానీ ఇదే లోపం ఇంకో ప్రశ్నకి వరమవుతుంది. ఒకే క్లోన్ ఉప్పాడ వైపు ఇసుకలోనూ, లోపలి బరువు నేలలోనూ ఉందంటే, మీకు పైసా ఖర్చు లేకుండా రైతులు వేసి పెట్టిన ప్రయోగం దొరికినట్టు. జన్యువులు ఒకటే కాబట్టి కనిపించే తేడా నేలదీ, నీటిదీ, వేళ్ళలో ఉన్న సూక్ష్మజీవులదీ. ఈ మాట తోడు జీవుల దగ్గర మళ్ళీ వస్తుంది.

ఏ చెట్టైనా ఒక జాగ్రత్త. కోరింగలో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి మడ మొక్కలు నాటి పునరుద్ధరించిన జాగాలున్నాయి. అడవికి అవి మంచివే. మీ పరిశోధనకి కావు, ఎందుకంటే నర్సరీలో ఎక్కడి తల్లి చెట్ల మొలకలు కలిశాయో తెలియదు. ఏది నాటిన జాగా, ఏది సహజంగా పెరిగినది అని అటవీ సిబ్బందినీ, రోజూ ఆ పాయల్లో తిరిగే చేపల వేటగాళ్ళనీ అడిగి రాసుకోండి.

పద్ధతి: డబ్బు ఎక్కడ పెట్టాలి

మైక్రోశాటిలైట్ మార్కర్లు (డీఎన్ఏలో పదేపదే వచ్చే పొట్టి ముక్కలు) పాతవి, చవక, కాలేజీ ల్యాబులోనే అయిపోతాయి. పది ఇరవై మార్కర్లతో చెట్ల మధ్య బంధుత్వం, పాయల మధ్య రాకపోకలు తెలుస్తాయి. అనుకూలన గురించి మాత్రం ఏమీ చెప్పవు. ఇవి చేసి శీర్షికలో "అనుకూలన" అని రాసుకున్న థీసిస్‌లు చూసినప్పుడు నాకు కాస్త చిరాకు.

రాడ్ సీక్వెన్సింగ్, దాని తమ్ముడు డీడీరాడ్ ఇప్పుడు అందరి నోటా ఉన్నవి. ఎంజైముతో జీనోమ్‌ని కోసి, కోసిన చోట్ల పక్కనున్న ముక్కలు మాత్రమే చదువుతారు. ఆధార జీనోమ్ లేని జాతికి ఇది ప్రాణదాత. కానీ లెక్క చూడండి. తెల్ల మడలో 20,000 చోట్లు దొరికాయనుకుందాం. 45.7 కోట్లని దాంతో భాగిస్తే సుమారు 23 వేల అక్షరాలకి ఒక చోటు. పరపరాగ సంపర్కంతో పెరిగే చెట్లలో పక్కపక్క అక్షరాలు కలిసి ప్రయాణించే దూరం చాలా సార్లు కొన్ని వందల నుంచి కొన్ని వేల అక్షరాలే. అంటే ఉప్పుకి సంబంధించిన అసలు జన్యువు రెండు చోట్ల నడుమ పడి, మీ కంటికి కనిపించకుండా పోయే అవకాశమే ఎక్కువ. మడ జాతుల్లో జన్యు వైవిధ్యం చాలా తక్కువ కాబట్టి ఆ దూరం ఇంకొంచెం పెరగొచ్చు, కొంత ఊరట. అయినా రాడ్‌తో "ఏమీ దొరకలేదు" అని తేలితే, లేదని కాదు, మీరు చూడలేదని అర్థం.

పూర్తి జీనోమ్ చదివించాలనుకుంటే, ఒక్కో చెట్టుని ఎంత లోతుగా అన్నదే అసలు బేరం. ఒక చెట్టుని 20 సార్లు చదివితే సుమారు 914 కోట్ల అక్షరాలు. పది చెట్లకి 9,140 కోట్లు. అదే మొత్తంతో ఒక్కో చెట్టుని రెండేసి సార్లు చదివితే వంద చెట్లు వస్తాయి. కంపెనీ వాళ్ళ కొటేషన్ మొదటి దాని వైపే మొగ్గుతుంది, డేటా అందంగా ఉంటుంది కనుక. నేను రెండోది తీసుకోమంటాను. ఊరి అభిప్రాయం తెలియాలంటే పది మందిని పూటంతా కూర్చోబెట్టడం కంటే వంద మందిని రెండేసి మాటలు అడగడం మేలు. పల్చగా చదివినప్పుడు ఏ చెట్టుకి ఏ అక్షరం ఉందో కచ్చితంగా చెప్పలేం, సంభావ్యతగా మాత్రమే పట్టుకుంటాం. ఆ లెక్క చేసే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. డీఎన్ఏని మిషన్ చదవగలిగేలా సిద్ధం చేసే లైబ్రరీ తయారీ ఖర్చు మాత్రం చెట్టు చెట్టుకీ విడిగా పడుతుంది కాబట్టి వంద చెట్ల బిల్లు పది చెట్ల బిల్లు కంటే పెద్దదే. దాన్ని కొటేషన్‌లో విడిగా అడగండి.

ఆ ఖర్చు తప్పించుకోవడానికి కొందరు ఒక్కో చోటు నుంచి నలభై యాభై చెట్ల డీఎన్ఏని సమానంగా కలిపి ఒకే నమూనాగా చదివిస్తారు. చాలా చవక. ఏ చోట ఏ రూపం ఎంత శాతం ఉందో బాగానే తెలుస్తుంది. కానీ ఒకసారి కలిపాక విడదీయలేరు. పైన చెప్పిన నల్ల మడ ఆకు ఒకటి కలిసిందా, నర్సరీ మొక్కలు కలిశాయా అన్నది ఇక పట్టుకోలేరు. గైడ్‌కి ఈ అడవితో చాలా ఏళ్ళ పరిచయం ఉంటే ఫర్వాలేదు. కొత్తవాళ్ళకి వద్దు.

కెనడాలో లాడ్జ్‌పోల్ పైన్, స్ప్రూస్ చెట్ల మీద జరిగిన పేరుమోసిన పని చదివి, వాళ్ళలాగే జన్యువుల భాగాన్ని మాత్రం ఏరి చదివే ఎక్సోమ్ క్యాప్చర్ చేద్దామని అడిగేవాళ్ళున్నారు. 2016లో వచ్చిన ఆ పరిశోధనలో, 14 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయిన ఆ రెండు వంశాలూ వాతావరణానికి తట్టుకోవడంలో 47 జన్యువులని ఉమ్మడిగా వాడుకుంటున్నాయని తేలింది. అద్భుతమైన పనే. కానీ వాళ్ళు ఏరుకోవడానికి కారణం ఆ చెట్ల జీనోమ్ పరిమాణం. వాటి బంధువైన లోబ్లోలీ పైన్ జీనోమ్ దాదాపు 2,200 కోట్ల అక్షరాలు, తెల్ల మడకి 48 రెట్లు. మన చెట్టుకి ఆ బరువు లేనప్పుడు ఆ పద్ధతి మోయడం దేనికి?

ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ గురించి క్లుప్తంగా: ఏ జన్యువు ఎప్పుడు పని చేస్తోందో చెబుతుంది. అది పొద్దునకీ సాయంత్రానికీ, పోటుకీ పాటుకీ మారిపోతుంది. పడవలో ద్రవ నత్రజని డబ్బా మోసుకెళ్ళగలిగినా, అడవిలో నేరుగా తీసిన నమూనాలతో పోలిక కష్టం. తొట్టెల్లో పెంచిన మొక్కల మీద చేస్తే అప్పుడు విలువ.

ఇంతకీ తొట్టెలు. జీనోమ్ పనుల్లో అందరూ దాటేసేది, నేను ముందు డబ్బు పెట్టమనేది దీని మీదే. ఉప్పు వైపు నుంచి, తీపి వైపు నుంచి ఒక్కోచోట వీలైనన్ని తల్లి చెట్ల మొలకలు తెచ్చి, ఏ మొలక ఏ తల్లిదో గుర్తు పెట్టి, మూడు రకాల నీళ్ళలో పెంచండి: మంచినీళ్ళు, సగం సముద్రపు ఉప్పు, పూర్తి సముద్రపు ఉప్పు. సగం ఉప్పు ఎందుకంటే తెల్ల మడ మంచినీళ్ళలో కంటే కొంత ఉప్పున్న నీళ్ళలోనే బాగా పెరుగుతుంది. రెండు వైపుల మొక్కలూ మూడింట్లోనూ ఒకే వరసలో నిలిస్తే, అడవిలో కనిపించే తేడా సర్దుబాటే. ఉప్పు వైపు పిల్లలు ఉప్పులో గెలిచి మంచినీళ్ళలో ఓడిపోతే, అప్పుడు జీనోమ్‌లో వెతకడానికి మీ దగ్గర కారణం ఉంది. ఒక మెలిక: పెద్ద మొలకకి తల్లి ఇచ్చిన నిల్వ ఎక్కువ, మొదటి నెలల్లో అదే గెలిపిస్తుంది. నాటే ముందు ప్రతి మొలకా తూకం వేయండి, ఆ తూకాన్ని లెక్కలోకి తీసుకోండి.

తొట్టెల ఆధారం లేకుండా జన్యువుల జాబితా మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో చూపించే లెక్క ఒకటుంది. 2021 నాటి తెల్ల మడ జీనోమ్‌లో ప్రోటీన్ తయారుచేసే జన్యువులు 31,477. వాటిలో ఉప్పుకి స్పందించేవి 3,246. అంటే పదింటిలో ఒకటి. మీరు కళ్ళు మూసుకుని 50 జన్యువులు ఏరినా అందులో ఐదు "ఉప్పు జన్యువులు" ఉంటాయి. చాలా పేపర్ల చర్చ భాగం ఆ ఐదు చుట్టూనే తిరుగుతుంది. మీ జాబితాలో ఎన్ని ఉంటే యాదృచ్ఛికం కాదో ముందే లెక్క కట్టి పెట్టుకోండి.

నమూనాలు ఎక్కడ తీయాలి

ఒకే పాయ వెంట పై నుంచి మొగ దాకా నమూనాలు తీస్తే దూరం, ఉప్పు రెండూ కలిసే పెరుగుతాయి. చెట్ల మధ్య తేడా దూరం వల్లా, ఉప్పు వల్లా అన్నది ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. అందుకని కోరింగ పాయ, గౌతమి, వసిష్ఠ లాంటి వేర్వేరు పాయల్లో ఒక్కోదాంట్లో ఉప్పు ఎక్కువున్న చోటు, తక్కువున్న చోటు జతగా ఎంచుకోండి. ప్రతి జతలోనూ ఒకే జన్యు తేడా కనిపిస్తే అది గట్టి మాట.

ఉప్పు కొలిచేది పాయలో పైనీళ్ళలో కాదు, వేళ్ళ లోతులో బురదలో ఊరే నీళ్ళలో. ఖరీదైన పరికరం అక్కర్లేదు, రొయ్యల చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటర్ చాలు. మే నెలలో ఒకసారి, వరద దిగాక ఒకసారి తప్పనిసరి. నేల ఎత్తు కూడా రాసుకోవాలి, జానెడు ఎత్తు తేడాకే చెట్టు నీటిలో మునిగి ఉండే కాలం మారిపోతుంది. పక్కన రొయ్యల చెరువు నీళ్ళు వదిలే తూము ఉంటే ఆ చోటు వదిలేయడం మంచిది.

ఆకుల సంగతి. లేత ఆకులు తీసుకుని, పైన పేరుకున్న ఉప్పు కడిగి, తడి అద్ది, తేమ పీల్చే సిలికా జెల్‌లో వేయండి. మడ ఆకుల్లో టానిన్లు, జిగురు పదార్థాలు ఎక్కువ. మామూలు కిట్లతో వచ్చే డీఎన్ఏ గోధుమ రంగులో ఉంటే సీక్వెన్సింగ్‌కి పనికిరాదు. టానిన్లని పట్టుకునే పీవీపీ పొడి కలిపి, సీటాబ్ అనే రసాయనంతో డీఎన్ఏ తీసే పద్ధతే ఇప్పటికీ నమ్మకమైనది.

తోడు జీవి

చెట్టు ఒక్కదాన్నే చదివితే కథ సగమే. దాన్ని అంటిపెట్టుకుని బతికే తోడు జీవుల జీనోమ్‌లు చిన్నవి, తరాలు పొట్టివి కాబట్టి కొన్నిసార్లు అవే మంచి ప్రాజెక్టు. లాడ్జ్‌పోల్ పైన్‌ని చంపే బెరడు పురుగు, ఆ పురుగు మోసుకొచ్చే నీలి మరక శిలీంధ్రం జీనోమ్‌లు చెట్టుతో పోలిస్తే ఎంత చిన్నవంటే, శిలీంధ్రానిది సుమారు 3 కోట్ల అక్షరాలే. దాని జీనోమ్ 2011లో, పురుగుది 2013లో వచ్చేశాయి.

మన దగ్గర నాకు అన్నిటికంటే నచ్చేది సరుగుడు వేళ్ళ బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా బ్యాక్టీరియా. గాలిలోని నత్రజనిని చెట్టుకి అందించేది ఇదే. సరుగుడులో ఉండే ఒక ఫ్రాంకియా రకం జీనోమ్ 54 లక్షల అక్షరాలు. రకరకాల చెట్లతో కుదిరే ఇంకో ఫ్రాంకియాది 90 లక్షలు. తక్కువ చెట్లతో కాపురం చేసేదానికి చిన్న జీనోమ్ సరిపోతోందన్నమాట. 2007లో ఈ పోలిక వచ్చింది. ఇక రైతుల క్లోన్ తోటల మాట గుర్తు తెచ్చుకోండి: చెట్టు జన్యువులు ఒకటే, నేలలు వేరు. ఉప్పు ఇసుకలో ఒక ఫ్రాంకియా, లోపలి నేలలో ఇంకోటి ఉందా అన్నది ఎమ్మెస్సీ స్థాయిలోనే చేయగల శుభ్రమైన ప్రశ్న. అభయారణ్యం అనుమతి అక్కర్లేదు, రైతు ఒప్పుకుంటే చాలు.

మడ వేళ్ళ చుట్టూ బ్యాక్టీరియాని 16ఎస్ మార్కర్‌తో (ఏ బ్యాక్టీరియా ఏదో గుర్తుపట్టే జన్యువు) చదివించడం చవకే, అందుకే అందరూ చేస్తున్నారు. వచ్చేది పేర్ల పట్టిక. వేరుకి దూరంగా ఉన్న ఉత్త బురదని కూడా పక్కనే చదివించకపోతే, అది చెట్టు తోడో, బురద జనాభాయో తెలియదు.

ఎవరూ పెద్దగా తలపెట్టని ఎంపిక ఒకటి చెబుతాను. టేకు ఆకులని పెద్ద ఈనెలు మాత్రం మిగిల్చి తినేసే గొంగళి పురుగు తెల్ల మడని కూడా తింటుంది. మహారాష్ట్ర తీరంలో మడ అడవుల్లో దాని ఉధృతి నమోదైంది. గోదావరికి పైన పాపికొండల వైపు టేకు, కింద మొగ దగ్గర మడ. కోరింగలో ఈ పురుగు కనిపిస్తే, టేకు తినేదీ మడ తినేదీ ఒకే జనాభానా, విడిపోతున్న రెండా అని అడగవచ్చు. దానికి తరం మారడానికి కొన్ని వారాలు చాలు. చెట్టులో మార్పు చూడటానికి మనకి ఆయుష్షు చాలదు. పీతలు కూడా ఆకులు తింటాయి గానీ వాటి పిల్లలు సముద్రంలో తిరిగి వస్తాయి కాబట్టి పాయకో జనాభా అని విడిగా దొరకడం కష్టం.

మీ చేతిలో ఉన్న కాలాన్ని బట్టి

ఆరు నెలలే ఉంటే ఫ్రాంకియా. ఏడాదిన్నర ఉండి డబ్బు తక్కువైతే తొట్టెల ప్రయోగం, దాంతో పాటు తల్లి చెట్ల ఆకులు ఎండబెట్టి దాచుకోండి. సిలికా జెల్‌లో పొడిగా ఉంటే సీక్వెన్సింగ్ డబ్బు వచ్చేదాకా ఆగుతాయి. పీహెచ్‌డీ అయితే తెల్ల మడ, జతల పద్ధతిలో నమూనాలు, పల్చటి పూర్తి జీనోమ్, తొట్టెలు నాలుగూ కలిపి. రాడ్‌ని ఆధార జీనోమ్ లేని జాతి పట్టుకున్నప్పుడే తలుచుకోండి.

అనుమతుల పని మాత్రం మొదటి రోజే మొదలవ్వాలి. అభయారణ్యంలో ఆకు కోయాలన్నా 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ అనుమతి కావాలి. యానాం వైపు చెట్లు కావాలంటే అది పుదుచ్చేరి పరిధి, ఆ దరఖాస్తు వేరు. నమూనాలు దేశం దాటించాలంటే 2002 జీవవైవిధ్య చట్టం, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దాకా వెళ్ళాలి. మన దేశంలోనే సీక్వెన్సింగ్ చేసే సంస్థని ఎంచుకుంటే ఆ టెన్షన్ తగ్గుతుంది. తెల్ల మడ మొలకలు వానాకాలంలో రాలతాయి, ఫైలు వేసవిలో కదలకపోతే ఆ ఏడాది మొలకలు పోయినట్టే. అలా జరిగితే ఖాళీగా కూర్చోకుండా ఉప్పు కొలతలు మొదలుపెట్టండి, పాయలో పడవ మీద తిరుగుతూ నీళ్ళు కొలిచే పనికి కూడా రేంజ్ ఆఫీసులో ముందు చెప్పి.